సెలవుల్లేని బడి

టెక్సాస్ రాష్ట్ర చట్టం ప్రకారం మా ఇల్లు ఒక ప్రైవేటు పాఠశాల. ఇది నేను గొప్పకి చెప్పుకుంటున్న మాట కాదు. లీపర్ అనే కుటుంబం, వాళ్లతోపాటు మరికొందరు తల్లిదండ్రులు 1985లో ఆర్లింగ్టన్ స్కూలు డిస్ట్రిక్టు మీద కోర్టుకెక్కారు. ఆ దావా తొమ్మిదేళ్లు నలిగాక, 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఇది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరులుగా మెలగడం. ఈ ఐదూ పుస్తకాలు పెట్టి నిజాయితీగా చెబితే చాలు, ఇల్లే బడి. హాజరు పట్టీ అక్కర్లేదు. పరీక్షలు అక్కర్లేదు. ఇనస్పెక్టరు రాడు.

ఈ బడికి ప్రిన్సిపాలు నేను. టీచరు నేను. ఆయా, వంటమనిషి, వాచ్‌మన్ కూడా నేనే. మా ఆయన కరస్పాండెంటు. మన మిషన్ స్కూళ్లలో చదివినవాళ్లకి కరస్పాండెంటు అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఎప్పుడోగానీ కనబడరు, కనబడితే అందరూ లేచి నిలబడాలి. విద్యార్థులు ముగ్గురు. పెద్దవాడికి తొమ్మిది, నడిపిదానికి ఆరు, చంటోడికి మూడు నిండలేదు. చంటోడు ఏ తరగతో ఎవరికీ తెలియదు. అన్ని తరగతుల్లోనూ ఉంటాడు, బల్ల మీద.

ఇంత ఉదారమైన చట్టంలో ఒక్కటే లోటు. వేసవి సెలవులు ఎప్పుడివ్వాలో ఎక్కడా చెప్పలేదు. మన దగ్గరైతే ఏప్రిల్ ఆఖర్న బడి మూసేస్తారు, జూన్ 12న తెరుస్తారు. సర్కారు చెప్పింది కాబట్టి తల్లికీ పిల్లలకీ ఆ విషయంలో తగువు ఉండదు. ఇక్కడ సర్కారు పక్కకి తప్పుకుంది. మే నెల రాగానే మావాడు బైబిలు చంకన పెట్టుకుని వస్తాడు.

"ఏడో ఏట పొలానిక్కూడా సెలవిమ్మని లేవీయకాండంలో ఉంది మమ్మీ, ఇరవై ఐదో అధ్యాయం. నేను పొలం కన్నా తక్కువా?"

"ఆరేళ్లు దున్నాక కదా నాన్నా ఏడో ఏడు. నువ్వింకా మూడేళ్లే దున్నావు."

వాడు వేళ్ల మీద లెక్క చూసుకుని, ఒప్పుకోక తప్పక, నిర్గమకాండంలో ఇంకేమైనా దొరుకుతుందేమోనని లోపలికి పోతాడు. పిల్లలకి వాక్యం బాగా వంటపట్టాలనే గదా ఇంట్లో బడి పెట్టుకున్నాం. వంటపట్టాక దాంతో వాళ్లు వకీలు పని మొదలుపెడతారని ఏ పుస్తకంలోనూ రాయలేదు.

పుస్తకాలంటే గుర్తొచ్చింది. ఇంటి చదువు అనగానే ఇదేదో మా క్రైస్తవులు కనిపెట్టిన వింత అనుకుంటారు చాలామంది. ఈ దేశంలో దీన్ని డెబ్బైల్లో లేవదీసినవాళ్లలో జాన్ హోల్ట్ అనే ఆయనకి మతంతో పనే లేదు. బడి పిల్లల బుర్రని మొద్దు చేస్తుందన్న కోపంతో 1977లో ఒక పత్రిక పెట్టాడు. మా వైపు నుంచి అడ్వెంటిస్టులైన మూర్ దంపతులు, పిల్లల్ని చిన్న వయసులోనే బడిలో తోసెయ్యొద్దని 1975లో పుస్తకం రాశారు. వీళ్లందర్నీ మించిన దేవత ఇంకొకామె ఉంది, షార్లెట్ మేసన్. ఇక్కడి క్రైస్తవ తల్లుల పుస్తకాల బీరువాలో బైబిలు పక్కన, పిల్లల చదువు మీద ఆవిడ రాసిన ఆరు సంపుటాలుంటాయి.

ఆవిడ 1842 జనవరిలో పుట్టింది. సరిగ్గా ఆ ఏడాదే జులై నెలాఖరున లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టాడు. పల్నాటి లూథరన్ కుటుంబంలో పుట్టిన నేను, నా జీవితం మొత్తం 1842లోనే నిర్ణయమైపోయిందని నమ్ముతాను. హయ్యర్ దొర వల్ల మా ఇంటికి బైబిలు వచ్చింది, షార్లెట్ మేసన్ వల్ల మా ఇంటికి బడి వచ్చింది. దొర వల్ల ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా ఆవిడతోనే.

ఎందుకంటే పిల్లల్ని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రోజూ నాలుగైదు గంటలు, వీలైతే ఆరు గంటలు ఆరుబయట ఉంచమంది ఆవిడ. చెట్టూ పుట్టా చూపించాలి, చూసినవి నోటు పుస్తకంలో బొమ్మలు గీయించాలి. చక్కటి మాటే. కానీ ఆవిడ బడి నడిపిన ఆంబుల్‌సైడ్ ఇంగ్లండులో సరస్సుల మధ్య, వానలకి పేరుపడ్డ చోటు. మేముండేది డల్లాస్ పక్కన. ఇక్కడ 1980లో వరసగా 42 రోజులు పగటి ఎండ వంద డిగ్రీలకి తగ్గలేదు. 2011లో అలాంటి రోజులు మొత్తం 71. వంద ఫారన్‌హీటంటే మన లెక్కలో దాదాపు 38. మాది రెంటచింతల పక్క ఊరు కాబట్టి 38ని చూసి నేను భయపడను. కానీ మా ఊళ్లో మధ్యాహ్నం మేక కూడా వేపచెట్టు నీడ దాటదు. ఆ మేకకున్న ఇంగితం ఆరు సంపుటాల్లో వెతికినా కనబడలేదు. ఇంకో సంగతి, ఆవిడకి పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. పిల్లల పెంపకం గురించి అంత ప్రశాంతంగా రాయడం ఎలా సాధ్యమైందో అప్పుడర్థమైంది.

అందుకని మా ప్రకృతి పాఠం పొద్దున్నే, ఎండ ముదరకముందే. ఈ ఏడాది చీమలతో మొదలుపెట్టాం. సామెతల గ్రంథం ఆరో అధ్యాయంలో సొలొమోను సోమరిపోతుని చీమ దగ్గరికి పంపించి బుద్ధి తెచ్చుకోమంటాడు. ఒక్క దెబ్బకి వాక్యం, సైన్సు, బొమ్మలు మూడూ అవుతాయి. కుటుంబ ప్రార్థనలో అధ్యాయం చదువుకుని, నోటు పుస్తకం, పెన్సిలు, భూతద్దం తీసుకుని పెరట్లోకి వెళ్లాం.

టెక్సాస్ చీమ సొలొమోను చూసిన చీమ కాదు. ఇది దక్షిణ అమెరికాది. 1930ల్లో ఓడల్లో అలబామా రాష్ట్రంలోని మొబీల్ రేవుకి వచ్చి దిగింది. అక్కణ్ణుంచి వీసా గొడవేమీ లేకుండా దక్షిణాది రాష్ట్రాలన్నీ ఆక్రమించింది. పేరు ఫైర్ యాంట్. పచ్చికలో మెత్తటి మట్టి కుప్పలా పుట్ట కడుతుంది, పైకి కన్నం కనబడదు. కాలు పెడితే గుంపంతా చప్పుడు లేకుండా పైకి పాకుతాయి. అందరూ ఎక్కారో లేదో చూసుకుని ఒక్కసారే కుడతాయని ఇక్కడివాళ్లు అంటారు. మర్నాటికి ఒక్కో చోట తెల్లటి చీముపొక్కు.

చీమ దగ్గరికి వెళ్లమన్నాడుగానీ ఎంత దగ్గరికి వెళ్లాలో సొలొమోను చెప్పలేదు. మావాడు భూతద్దంతో పుట్ట మీదే నిలబడ్డాడు.

తర్వాత జరిగింది పాఠ్యప్రణాళికలో లేని వ్యాయామ విద్య. నీళ్ల పైపు, సబ్బు, ఐసు ముక్కలు, అరుపులు. అంతా సద్దుమణిగాక వాడు సోఫాలో కాళ్లు చాపుకుని అన్న మాట ఇది: "సొలొమోను వెళ్లమన్నది సోమరిపోతుని. నన్నెందుకు పంపించావు మమ్మీ?" ఆ రోజు వాడి నోటు పుస్తకంలో బొమ్మ లేదు. "చీమలు కలిసికట్టుగా పని చేస్తాయి. చాలా కలిసికట్టుగా." అని మాత్రం ఉంది. స్పెల్లింగు తప్పుల్లేవు. పది మార్కులు వేశాను.

ఇనస్పెక్టరు రాడని మొదట్లో చెప్పాను. వచ్చారు. మే నెలలో, విజిటర్ వీసా మీద, రెండు పెట్టెల్లో ఆవకాయా మాగాయా సర్దుకుని. మా అత్తయ్యగారు ఒంగోలు వైపు మిషన్ హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. దిగిన మర్నాడే బడి తనిఖీకి వంటింటి బల్ల దగ్గరికొచ్చారు.

"బెల్లేది అమ్మాయ్?"

"లేదు అత్తయ్యా."

"అసెంబ్లీ?"

"లేదు అత్తయ్యా."

"రిజిస్టరు, టీచింగ్ నోట్సు, మార్కుల పట్టీ?"

"అవేవీ ఇక్కడ అడగరు అత్తయ్యా."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎవరూ ఏమీ అడగరా? అయితే మరి జీతం ఎవరిస్తారు?"

ఈ ప్రశ్నకి కరస్పాండెంటు గారు లేచి, ఆఫీసు కాల్ ఉందంటూ పై గదిలోకి వెళ్లిపోయారు.

ఆ రోజునుంచీ మా బడికి స్టీలు పళ్లెం, గరిటె కలిపి బెల్లయింది. పిల్లలు పొడుగు వరసలో నిలబడాలి. ముగ్గురే కాబట్టి వరస తొందరగానే తేలింది. కానీ ముందు నిలబడాల్సిన చంటోడు నేల మీద పడుకునేవాడు. ప్రార్థన, హాజరు, ఆ తర్వాత గుణింతాలు. పిల్లలు "ప్రెజెంట్ నాయనమ్మా" అని గట్టిగా అరుస్తుంటే ఎదురింటి తెల్లావిడ కిటికీ తెర తప్పించి చూసింది. అత్తయ్యగారు హాజరు నాక్కూడా వేశారు. ఒక రోజు "అమ్మాయ్, నువ్వు ఏడు నిమిషాలు ఆలస్యం" అన్నారు. నేను ఆవిడకి కాఫీ కలుపుతున్నాను. సంజాయిషీ చెల్లలేదు.

అయితే పిల్లలు ఆవిడకి అతుక్కుపోయారు. నేను నాలుగు నెలలు పీకి పాకం పెట్టినా రాని ళ, ణ, ఠ ఆవిడ గరిటె చప్పుడుకి వారంలో వచ్చాయి. ఇది నాకు కొంచెం గుచ్చుకుంది, దాచడమెందుకు.

ఇక్కడ మా ఇంటి మతసామరస్యం గురించి ఒక మాట చెప్పాలి. నేను గుంటూరు వైపు లూథరన్ని, మా ఆయన ఒంగోలు బాప్టిస్టు. బయటివాళ్లకి అందరం ఒకే క్రైస్తవుల్లా కనిపిస్తాం. మాలో మాకు మాత్రం చిలకరించేవాళ్లు వేరు, ముంచేవాళ్లు వేరు. పెళ్లిచూపుల్లో కట్నం కన్నా ఈ నీళ్ల సంగతే ఎక్కువసేపు మాట్లాడుకున్నారు మా పెద్దలు.

అత్తయ్యగారు మధ్యాహ్నాలు పిల్లలకి బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కథ చెప్పేవారు. ధాతు కరువులో జనం అల్లాడుతుంటే ఆయన బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించడం, తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇవ్వడం. బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి, అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగారట. ఆవిడ చెబుతుంటే గుండ్లకమ్మ మా హాల్లో పారేది.

ఆ కథ విన్న ఒక రోజు సాయంత్రం పెరట్లో ప్లాస్టిక్ నీళ్ల తొట్టి చుట్టూ ఇంట్లోని బొమ్మలన్నీ బారులు తీరాయి. బార్బీలు, ఎలుగుబంట్లు, డైనోసార్లు, చంటోడి రబ్బరు బాతులు, ఒక టీవీ రిమోటు. నడిపిది మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కరినీ ముంచి లేపుతోంది. పెద్దవాడు గట్టున కూర్చుని గీతలు గీస్తూ లెక్క రాస్తున్నాడు. 2,222 దాటి రికార్డు కొట్టాలట. బొమ్మలు చాలక, అప్పటికే బాప్తిస్మం పొందినవాళ్లని మళ్లీ వరసలో నిలబెడుతున్నారు. రెండోసారి ముంచితే చెల్లదని అత్తయ్యగారు వరండాలోంచి వేదాంత సంబంధమైన అభ్యంతరం చెప్పారు. బాతులు ముంచినా పైకి తేలుతున్నాయి కాబట్టి వాటికి ఎన్నిసార్లయినా ఇవ్వొచ్చని నడిపిది వాదించింది.

నేను లూథరన్‌గా నా వాణి వినిపించాను. "నువ్వు మా లూథరన్ల అమ్మాయివి కూడా కదా. తలమీద కాసిని చిలకరిస్తే సరిపోయేదానికి తొట్టెడు నీళ్లెందుకే? పచ్చికకే వారంలో ఫలానా రోజుల్లోనే నీళ్లు పెట్టాలని మా ఊరి మునిసిపాలిటీ వాళ్లు నోటీసిచ్చారు."

"అందుకే మీవాళ్లది పొదుపు మతం" అన్నారు అత్తయ్యగారు. రిమోటు మాత్రం ఆ తర్వాత ఇహలోకపు పనులకి అక్కరకి రాలేదు.

వేసవిలో ఇక్కడి తల్లులకి దేవుడిచ్చిన వరం వి.బి.యస్., అదే సెలవుల బైబిలు బడి. మన ఊళ్లలోనూ ఉంటుంది. రంగు కాయితాలు, కంఠతా వాక్యాలు, చివరి రోజు సెంటు పూసుకున్న పాస్టరమ్మగారి చేత్తో బహుమతులు. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1898లో న్యూయార్కు ఈస్ట్ సైడులో ఎలైజా హాస్ అనే బాప్టిస్టు ఆవిడ, వీధుల్లో తిరిగే పిల్లల్ని పోగేసి వేసవిలో రోజూ బైబిలు చెబుదామనుకుంది. అద్దెకి తీసుకున్న చోటేమో బీరు తాగే హాలు. మా సంఘంలో ఈ ముక్క చెబితే పెద్దలకి నచ్చలేదు. పిల్లలకి తెగ నచ్చింది.

డల్లాస్ చుట్టుపక్కల సందుకో చర్చి ఉంది. ఒక్కో చర్చి ఒక్కో వారం వి.బి.యస్. పెడుతుంది, పొద్దున్న మూడు గంటలు, ఉచితం. కాబట్టి తెలివైన తల్లి జూన్ మొదటి వారం బాప్టిస్టులకి, రెండో వారం మెథడిస్టులకి, మూడో వారం లూథరన్లకి పిల్లల్ని అప్పగిస్తుంది. నలుగురు తల్లులం కలిసి క్యాలెండరు మీద గుర్తులు పెట్టుకునే శ్రద్ధ చూస్తే మిలిటరీవాళ్లు మమ్మల్ని పిలిచి ఉద్యోగాలిస్తారు. ఒకటే చిక్కు. చర్చిలన్నీ పాఠాల పెట్టెలు కొనేది ఏ రెండు మూడు కంపెనీల దగ్గరో. పోయినేడు మూడు చర్చిల్లోనూ ఒకే కథ, అవే పాటలు, అదే అట్టముక్కల పడవ. మూడో వారానికి మావాడు టీచరుగారి కన్నా ముందే కథ ముగింపు చెప్పేశాడు.

దాన్ని మించింది ఇంకొకటుంది. ప్రతి చర్చిలోనూ గురువారం రోజున, ప్రభువుని హృదయంలోకి ఆహ్వానించేవాళ్లు చెయ్యెత్తమంటారు. ఎత్తినవాళ్లకి ఒక చేతి పట్టీ, ఒక చిన్న కొత్త నిబంధన. మావాడు మూడు చోట్లా ఎత్తాడు. ఆ ఏడాది డల్లాస్ ప్రాంతంలో మారుమనసు పొందిన ఆత్మల లెక్కలో మా ఇంటి నుంచి మూడున్నాయి, మూడూ వాడివే. "ఒకసారి రక్షణ పొందితే సరిపోదట్రా?" అని వాళ్ల నాన్న అడిగితే, "మెథడిస్టుల దగ్గర పోగొట్టుకోవచ్చంట డాడీ" అన్నాడు. వాడు చెప్పింది సిద్ధాంతపరంగా నిజమే. ఇంటి చదువు ఫలితాలు ఇలాంటి చోట్ల బయటపడతాయి.

వి.బి.యస్.లు అయిపోయాక జులై ఉంటుంది. జులై గురించి ఎవరూ పుస్తకాలు రాయలేదు. పొద్దున రెండు గంటలు పాఠాలని ఒప్పందం, తర్వాత వాళ్ల ఇష్టం. "లెక్కలు చేశావా?" అంటే "సంఖ్యాకాండం చదివాను" అని జవాబు. పిజ్జా హట్ వాళ్లు 1984 నుంచి పుస్తకాలు చదివిన పిల్లలకి చిన్న పిజ్జా ఊరికే ఇస్తున్నారు. ఇంటి బడి పిల్లలకీ ఇస్తారు. పిజ్జా కోసం మావాడు మొదటి దినవృత్తాంతాల్లో తొమ్మిది అధ్యాయాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చదివి, ఆ నిమిషాలన్నీ పట్టీలో రాయించుకున్నాడు. వంశావళులు ఊరికే రాయించలేదు దేవుడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను మోషేని బాగా అర్థం చేసుకుంటాను. పెరుగన్నం చూసి నడిపిది, ఐగుప్తులో దోసకాయలూ పుచ్చకాయలూ తిన్న రోజుల్ని తలుచుకున్న ఇశ్రాయేలీయుల ముఖం పెడుతుంది. దోసకాయ ఇస్తే పుచ్చకాయ అంటుంది. పుచ్చకాయ ఇస్తే గింజలంటుంది. పాపం మోషేకి ఆరు లక్షల మంది అంటారుగానీ, ఆయనకో కొండ ఉంది. నలభై రోజులు పైకెళ్లి కూర్చుంటే ఒక్కరు తలుపు కొట్టలేదు. నేను స్నానానికి వెళితే పది నిమిషాల్లో తలుపు కింద నుంచి ఆరు వేళ్లు కనబడతాయి. ఆయన దిగొచ్చేసరికి కింద బంగారు దూడ తయారైనట్టే, నేను బయటికొచ్చేసరికి వంటింట్లో గోధుమపిండితో ఏదో ఒకటి తయారై ఉంటుంది. ఆయన పలకలు పగలగొట్టాడు. మా ఇంట్లో పగిలేవి గాజువి, నేను అలా కోపం తెచ్చుకునే వీల్లేదు. ఐదో సబ్జెక్టు మంచి పౌరులుగా మెలగడం కదా, అది నాక్కూడా వర్తిస్తుందని అత్తయ్యగారు తేల్చారు.

ఆగస్టులో పక్కింటి పిల్లలు పసుపుపచ్చ బస్సెక్కి వెళ్లిపోయారు. కిటికీలోంచి వాళ్ల అమ్మని చూశాను. బస్సు మలుపు తిరగ్గానే ఆవిడ పోర్టికోలో ఒక్క గంతు వేసింది. నాకు కడుపు మండింది. లోపలికి తిరిగి చూస్తే పెద్దవాడు చంటోణ్ణి ఒళ్లో పెట్టుకుని, నాయనమ్మ చెప్పిన క్లౌ దొర కథని సగం తెలుగులో సగం ఇంగ్లీషులో చెబుతున్నాడు. 2,222 కాస్తా మూడు వేలయ్యాయి. గుండ్లకమ్మలో మొసళ్లు కూడా వచ్చాయి. చరిత్ర పాఠం కింద రాసుకున్నాను.

ఇంట్లో బడి పెట్టాలనుకునే తెలుగు తల్లులు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, ఒకసారి వచ్చి చూస్తామంటారు. తప్పకుండా రండమ్మా. కానీ సెప్టెంబరులో రాకండి, అప్పుడు మేం పుస్తకాలకి కొత్త అట్టలేసుకుని, తలలు దువ్వుకుని, చాలా బాగుంటాం. జులై మూడో వారంలో మధ్యాహ్నం మూడింటికి రండి. అంతా చూశాక కూడా మీకు పెట్టాలనిపిస్తే ప్రభువు చిత్తం, నిక్షేపంగా పెట్టుకోండి. వచ్చేటప్పుడు పెరట్లోకి చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. మాగాయ ఉంటే ఒక సీసా పట్టుకురండి, అత్తయ్యగారు తెచ్చింది అయిపోయింది.